వెనక్కి పిలిచిన దీపాలు

గది అందంగా కనిపించాలని మనం ఇళ్లలో రకరకాల అలంకరణ ల్యాంపులు పెట్టుకుంటాం. అలాంటి ల్యాంపు వల్ల నిప్పంటుకునే ప్రమాదం ఉందని అమ్మిన తరువాత తెలిస్తే? కంపెనీ దానిని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి, లేదా మార్చి ఇవ్వాలి, లేదా ఉచితంగా సరిచేయాలి. దీనినే రీకాల్ అంటారు.

1997లో అమెరికాలో జరిగిన రీకాల్ ఇందుకు మంచి ఉదాహరణ. మనిషెత్తు కడ్డీ, దానిపై గిన్నె, గిన్నెలో హాలోజన్ బల్బు ఉండే ల్యాంపులు అక్కడ బాగా అమ్ముడయ్యాయి. ధర తక్కువ కావడంతో కాలేజీ హాస్టళ్లలోనూ వాడేవారు. అయితే 300 వాట్ల హాలోజన్ బల్బు వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. కాగితం అంటుకోవడానికి అందులో సగం చాలు. కర్టెన్ ఎగిరి బల్బుకు తగిలినా, ల్యాంపు పరుపు మీదికి ఒరిగినా మంటలు లేచేవి. 1992 నుంచి అప్పటివరకు కనీసం 100 అగ్నిప్రమాదాలు, 10 మరణాలు లెక్కకు వచ్చాయి.

ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, తయారీదారులు కలిసి దాదాపు 4 కోట్ల ల్యాంపులకు రీకాల్ ప్రకటించారు. బట్ట బల్బుకు తగలకుండా ఆపే తీగ జాలీని ఉచితంగా ఇచ్చారు. ఇంట్లోనే బిగించుకోమని, 300 వాట్లకు మించిన బల్బు వాడవద్దని చెప్పారు.

మన దేశంలో కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించవచ్చు.

కానీ ప్రకటన వెలువడితే చాలదు. అది కొన్నవారికి చేరాలి, తమ ఇంట్లో ఉన్నది అదే ల్యాంపని వారు గుర్తుపట్టాలి. మనలాంటి బదిలీ కుటుంబాలకు చిక్కంతా ఇక్కడే. సామాను సర్దేటప్పుడు అట్టపెట్టె, బిల్లు పాత క్వార్టర్‌లోనే ఉండిపోతాయి. జోధ్‌పూర్‌లో కొన్న ల్యాంపు విశాఖపట్నంలో వెలుగుతుంటుంది. ఒక్కోసారి దానిని పక్కింటివారికి ఇచ్చేసి వస్తాం.

అందుకే సామాను కట్టే ముందు ల్యాంపు అడుగున ఉన్న లేబుల్‌ను, బిల్లును ఫోటో తీసి ఉంచుకుందాం. కంపెనీ పేరు, మోడల్ నంబరు స్పష్టంగా కనిపించాలి. ఎవరికైనా ఇచ్చేస్తే బిల్లు కూడా ఇద్దాం. ల్యాంపు నుంచి కాలిన వాసన వచ్చినా, వైరు వేడెక్కినా వెంటనే వాడకం ఆపి పెద్దలకు చెబుదాం. ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఏ రాష్ట్రంలో ఉన్నా అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.