మొండికేసిన బిరడా

శంషాబాదులో 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక చుట్టుపక్కల ఎన్నో కొత్త ఇళ్లు లేచాయి. ఇలాంటి ఇళ్లలో కొన్ని వాష్‌బేసిన్లకు గొలుసు బిరడా ఉండదు. కొళాయి వెనక చిన్న కడ్డీ ఉంటుంది. దాన్ని పైకి లాగితే బిరడా మూసుకుంటుంది, నొక్కితే లేస్తుంది. ఎలాగంటారా?

బేసిన్ కిందికి వంగి చూడండి. గొట్టంలోకి అడ్డంగా మరో కడ్డీ దూరి ఉంటుంది. దాని మధ్యనున్న గుండే ఆధారం. బయటి కొస లేస్తే లోపలి కొస దిగి బిరడాను కిందికి లాగుతుంది. మన ఏతం లాగే ఇదీ మీటే!

అది బిగుసుకుంటే తప్పు చాలాసార్లు మీటది కాదు, నీళ్లది. ఇక్కడి బోరునీళ్లు చాలాచోట్ల కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టు అవుతాయి. వెంట్రుకలు దాన్ని పట్టి ఉంచుతాయి.

పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, కింద బకెట్టు పెట్టి, గుండు దగ్గరి నట్టు విప్పండి. కడ్డీని వెనక్కి లాగితే బిరడా పైకి వచ్చేస్తుంది. వెంట్రుకలు తీసి, పాత బ్రష్షుతో తోమండి. తెల్లటి పొర మిగిలితే కాసేపు వెనిగర్‌లో నానబెట్టండి. పొరలోని కార్బొనేటు బుడగలు కక్కుతూ కరుగుతుంది. బజారు యాసిడ్ మాత్రం వద్దు, లోహాన్నీ తినేస్తుంది. ఏ ఆమ్లమైనా బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

ఇంకా నీరు జారుతుంటే బిరడా అంచు రబ్బరు వాషరు చూడండి. చిరిగితే అదొక్కటే మార్చండి. బిగించేటప్పుడు కడ్డీ కొస బిరడా అడుగు రంధ్రంలో దూరాలి. లేకపోతే పైన ఎంత లాగినా బిరడా కదలదు.