విశ్వవిద్యాలయ ఈ-మెయిలు జాబితాలు: రకాలు, యాజమాన్య పద్ధతులు

ఏలూరు చుట్టుపక్కల మెట్టలో ఆయిల్‌పామ్, కోకో. తాడేపల్లిగూడెం దిగువన కాలువల కింద వరి. కొల్లేరు అంచున చేపల చెరువులు. ఇంత దగ్గరలో మూడు సాగు వ్యవస్థలు ఉన్నట్లే, వాటిపై పనిచేసే సంస్థలూ వేర్వేరుగా ఉన్నాయి. వరికి మారుటేరు పరిశోధనా స్థానం, ఉద్యాన పంటలకు 2007లో ఏర్పడిన వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, ఆయిల్‌పామ్‌కు పెదవేగిలోని కేంద్ర పరిశోధన సంస్థ, విస్తరణకు ఉండి కృషి విజ్ఞాన కేంద్రం. వీరందరినీ, వీరి విద్యార్థులను, శాఖల అధికారులను కలిపి ఉంచే సాధనాల్లో ఈ-మెయిలు జాబితా ముఖ్యమైనది. వాట్సాప్ త్వరగా చేరుతుంది, నిజమే. కాని ఒక సలహాను ఎవరు, ఏ తేదీన, ఎవరెవరికి పంపారో ఆరు నెలల తరువాత చూపవలసి వచ్చినప్పుడు మెయిలే ఆధారం.

కొన్నేళ్ల క్రితం ఒక సార్వాలో జరిగిన సంగతి చెబుతాను. ఒక కేంద్రంలోని శాస్త్రవేత్తలు వరి దుబ్బుల మొదళ్లలో సుడిదోమ పెరుగుతున్నదని గమనించారు. పొలంలోని నీటిని తీసివేసి ఆరబెట్టాలని, మందు దుబ్బు మొదలు తడిసేలా పిచికారీ చేయాలని సలహా రాసి విస్తరణాధికారుల జాబితాకు పంపారు. ఆ జాబితాకు వచ్చే ప్రతి సందేశాన్నీ ఒకరు ఆమోదించాలి. ఆమోదించవలసిన ఆచార్యులు అంతకు రెండు నెలల ముందే పదవీ విరమణ చేశారు. సందేశం తొమ్మిది రోజులు ఆగిపోయింది. పంపినవారు చేరిందనుకున్నారు; అందవలసినవారు ఈ ఏడు సలహాలేమీ లేవనుకున్నారు. మూడు నాలుగు వారాల్లో ఒక తరం పూర్తిచేసే పురుగు విషయంలో తొమ్మిది రోజులు చిన్న జాప్యం కాదు. ఇక్కడ సాంకేతిక లోపం ఏదీ లేదు. జాబితా చెప్పినట్లే పనిచేసింది. దానికి బాధ్యులెవరో చూడవలసిన పని మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

జాబితాను దాని పేరును బట్టి కాక రెండు ప్రశ్నలను బట్టి గుర్తించాలి. దానికి సందేశం పంపే అధికారం ఎవరికి ఉంది? అందులో సభ్యులెవరో ఎవరు నిర్ణయిస్తారు?

రిజిస్ట్రారు, డీన్ల కార్యాలయాల నుండి వెళ్లేవి ప్రకటన జాబితాలు. పంపేవారు ఇద్దరు ముగ్గురు, అందుకునేవారు అందరూ. తప్పుకునే వీలు సభ్యులకు ఉండకూడదు, ఎందుకంటే పరీక్ష తేదీ తెలియదని ఎవరూ అనరాదు. వీటి సభ్యత్వాన్ని చేతితో కాక సిబ్బంది, విద్యార్థుల నమోదు వివరాల నుండి నేరుగా తీసుకోవాలి. ఇటువంటి జాబితాలో జవాబు పంపినవారికి మాత్రమే వెళ్లాలి. అందరికీ వెళ్లేలా అమర్చితే ఒకరి సెలవు చీటీ వందలమంది చదువుతారు. ‘నన్ను ఈ జాబితా నుండి తొలగించండి’ అని మరో పదిమంది అందరికీ రాస్తారు. ఇది ఊహించి రాస్తున్నది కాదు.

తరగతి జాబితా సెమిస్టరుతో పుట్టి సెమిస్టరుతో ముగియాలి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి పల్లెలకు వెళ్లిన చివరి సంవత్సరం విద్యార్థులకు ఇది మరీ అవసరం. పాత బ్యాచి చిరునామాలపైనే కొత్త బ్యాచిని చేర్చుకుంటూ పోతే అది విత్తన క్షేత్రంలో కేళీలు ఏరకుండా వదిలివేయడం వంటిది.

చర్చా జాబితా స్వభావం పూర్తిగా వేరు. తెగుళ్లపై, ఎరువులపై శాస్త్రవేత్తలు పరస్పరం సంప్రదించుకునే చోట ఇష్టమున్నవారే చేరాలి, ఎప్పుడైనా తప్పుకోగలగాలి, జవాబు అందరికీ చేరాలి. ప్రతి మాటనూ ఆమోదానికి ఆపితే చర్చ చచ్చిపోతుంది. కొత్తగా చేరినవారి మొదటి సందేశాన్ని మాత్రం పరిశీలించి, తరువాత వదిలివేయడం మేలని నా అభిప్రాయం.

ఇక సలహా జాబితా. ఇది విశ్వవిద్యాలయం దాటి వ్యవసాయాధికారులకు, ఆదర్శ రైతులకు, విత్తన ఉత్పత్తిదారులకు చేరుతుంది. బయటివారిని వారి అంగీకారంతోనే చేర్చాలి. వారి చిరునామాలు ఒకరివొకరికి కనిపించకూడదు. ఈ జాబితాలకు భౌగోళిక ప్రాతిపదిక ఏమిటన్నది మన ప్రాంతంలో తేలికైన ప్రశ్న కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి ఏలూరు జిల్లా ఏర్పడింది. తాడేపల్లిగూడెం, ఉండి భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ‘పశ్చిమ గోదావరి అధికారులు’ అన్న జాబితా పేరు ఒక్క అక్షరం మారకుండానే దాని అర్థం ఆ రోజుతో మారిపోయింది.

తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేరు నీటిమట్టం పెరిగితే ముంపు ఆకివీడుకూ వస్తుంది, నిడమర్రుకూ వస్తుంది. మొదటిది పశ్చిమ గోదావరి, రెండవది ఏలూరు జిల్లా. నీటికి ఆ సరిహద్దు తెలియదు. కావున మండలానికి ఒక చిన్న జాబితా ఉంచి, ‘కొల్లేరు అంచు’, ‘కాలువ వరి’, ‘మెట్ట తోటలు’ అన్న పెద్ద జాబితాలలో ఆ చిన్న జాబితాలనే సభ్యులుగా చేర్చాలి. రేపు సరిహద్దులు మళ్లీ మారినా పెద్ద జాబితాలలో సవరించవలసింది ఉండదు. సభ్యత్వం కూడా వ్యక్తి చిరునామాకు కాక పదవి చిరునామాకు ఇవ్వాలి. మండల వ్యవసాయాధికారి బదిలీ అయితే ఆ పెట్టె తరువాత వచ్చినవారి చేతికి వెళ్తుంది.

ప్రతి జాబితాకూ ఇద్దరు నిర్వాహకులు తప్పనిసరి. విరమణ, బదిలీ సమయంలో ఇచ్చే బాకీ లేదన్న పత్రంలో గ్రంథాలయం పుస్తకాలతోపాటు జాబితాల అప్పగింతకూ ఒక గడి ఉంచాలి. అత్యవసర సలహాలు పంపే శాస్త్రవేత్తలకు ఆమోదం అక్కరలేని అనుమతి ముందే ఇచ్చి ఉంచాలి. వరుసగా తిరిగివచ్చే చిరునామాలను సార్వా నారుమళ్లకు ముందు ఒకసారి, దాళ్వాకు ముందు ఒకసారి ఏరివేయాలి.

కొందరు ఇప్పటికీ సొంత జీమెయిలు ఖాతా నుండి వందల మందికి పంపుతున్నారు. దానికి రోజుకు 500 మంది అన్న పరిమితి ఉంది. పైగా రోజుకు 5,000కు మించి జీమెయిలు చిరునామాలకు పంపే సంస్థలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ధ్రువీకరణలు పాటించాలని 2024 ఫిబ్రవరి నుండి గూగుల్ నిబంధన విధించింది. సందేశం ఫలానా సంస్థ నుండే వచ్చిందని రుజువు చేసే ముద్రలు ఇవి, విత్తన సంచికి కట్టిన ధ్రువీకరణ చీటీ వంటివి. ఒక సంస్థ శాస్త్రవేత్త రాసిన సందేశాన్ని మరో సంస్థ జాబితా మార్పులతో తిరిగి పంపితే ఆ ముద్ర చెల్లక, సందేశం స్పామ్‌లో పడవచ్చు. నాలుగు సంస్థలు కలిసి పనిచేసే మన ప్రాంతంలో కంప్యూటరు విభాగం దీనిని ముందుగా పరీక్షించి చూడాలి.

సలహా పాఠాన్ని సందేశంలోనే రాయాలి. స్కాన్ చేసిన కాగితంగా జతచేస్తే, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే కొల్లేరు లంక గ్రామంలో గట్టుమీద నిలబడిన అధికారి ఫోనులో అది తెరుచుకోదు. మందు పేరు, ఎకరాకు మోతాదు, తేదీ మొదటి మూడు వరుసలలోనే ఉండాలి.