పొగబండికి ఇంట్లో స్టేషను!

పొగబండి ఎక్కిన తరం వాళ్ళకి కొన్ని సంగతులు కొత్తగా చెప్పక్కర్లేదు. కిటికీ పక్క సీటు కోసం పిల్లల పేచీ, తల బయట పెట్టగానే కంట్లో పడే బొగ్గు నుసి, అమ్మ కొంగుని నోటి ఆవిరితో వెచ్చజేసి కంటికి అద్దడం, ఊరు చేరేసరికి తెల్లచొక్కా బూడిదరంగుకి తిరగడం... విసుక్కుంటూనే ఎక్కేవాళ్ళం. ఆ కూత వినబడడం మానేశాక తెలిసింది, అదంటే మనకెంత ఇష్టమో!

ఆ బండి ఇప్పుడు ఊళ్ళలోంచి వెళ్ళిపోయినా, కొందరి ఇళ్ళల్లో మాత్రం బల్ల మీద తిరుగుతూనే ఉంది. అసలు ఇంజన్ని అణువణువూ కొలిచి, బెత్తెడంత చేసి, దానికి పట్టాలూ, స్టేషనూ, సొరంగం, సిగ్నళ్ళూ అమర్చి నడపడం ఒక హాబీ. పేరు మోడల్ రైల్వే. జర్మనీ, బ్రిటన్, అమెరికాల్లో దీనికి క్లబ్బులున్నాయి, పత్రికలున్నాయి, ప్రదర్శనలున్నాయి. "ముసలాళ్ళయ్యాక బొమ్మలాటలేమిటి?" అనుకోకండి. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 2001లో తెరిచిన 'మినియేచర్ వండర్‌లాండ్' ప్రపంచంలోకెల్లా పెద్ద మోడల్ రైల్వే. దాన్ని చూడ్డానికి పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ ఉత్సాహపడతారు!

కొలువు పెట్టే చేతికి కొత్తేం కాదు

మనకిదేదో పరాయి విద్య అనిపిస్తుంది గానీ, సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇల్లాలికి ఇందులో సగం ముందే వచ్చు. ఇసక పోసి ఆవాలు మొలకెత్తించి పొలం అంటాం. అద్దం పెట్టి చెరువంటాం. అగ్గిపెట్టెలకి రంగుకాగితం అంటించి పల్లెటూరు చేస్తాం. మోడల్ రైల్వే వాళ్ళు చేసేదీ అదే. కాకపోతే ఒక్క తేడా ఉంది. మన కొలువులో గుడికంటే పోలీసు బొమ్మ పొడుగ్గా ఉన్నా ఎవరూ అడగరు. అక్కడ మాత్రం కొలత తప్పకూడదు. ఇంజను ఎన్నో వంతు తగ్గిందో చెట్టూ, మనిషీ, అరుగూ అన్నీ అన్నో వంతే తగ్గాలి.

ఎక్కువమంది వాడే కొలత 'హెచ్.ఓ.' అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన మన రైలుపెట్టె ఒకటి జానెడు పైచిలుకు పొడవుంటుంది. అయిదడుగుల మూడంగుళాల మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు! ఇంకా చిన్నది కావాలంటే 'ఎన్' కొలత ఉంది. అది 160వ వంతు.

బొమ్మ వంటింట్లోంచి బయల్దేరిన రైలు

మగపిల్లల ఆటగా పేరుపడ్డ మార్క్‌లిన్ బొమ్మరైలు పుట్టింది ఎక్కడో తెలుసా? బొమ్మల వంటింట్లో!

జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో 1859లో విల్హెల్మ్ మార్క్‌లిన్ అనే రేకుపని ఆయన ఒక చిన్న కార్ఖానా పెట్టాడు. చేసేది ఆడపిల్లల బొమ్మరిళ్ళకి కావలసిన రేకు వంటసామాను. మన లక్కపిడతల్లాంటివే. ఆయన చేస్తే, భార్య కారొలీన్ వాటిని తీసుకుని ఊరూరా తిరిగి దుకాణాలకి అమ్మేది. ఆ రోజుల్లో ఒక ఆడది సరుకు పట్టుకుని వ్యాపారానికి బయల్దేరడం మాటలు కాదు. 1866లో విల్హెల్మ్ ప్రమాదవశాత్తూ పోయాడు. చిన్నపిల్లలు, అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న వ్యాపారం. అమ్మేసుకుని కూర్చోకుండా కారొలీన్ దాన్ని రెండు దశాబ్దాల పాటు నిలబెట్టింది. 1888లో కొడుకులు పగ్గాలు అందుకున్నారు. 1891లో లైప్‌జిగ్ సంతలో వాళ్ళు ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు పరిచి, కీ ఇస్తే తిరిగే రైలుని చూపించారు.

వాళ్ళ ఆలోచన చూడండి. బొమ్మరిల్లు కొన్న పిల్ల ఈ ఏడు పొయ్యి, వచ్చే ఏడు మంచం కొంటుంది కదా! రైలుకీ అంతే. మొదట కాసిని పట్టాలు, ఒక ఇంజను. తర్వాత పెట్టెలు, స్టేషను, వంతెన. ఈ హాబీ ఈనాటికీ అదే పద్ధతిలో పెరుగుతోంది. ఆ వితంతువు అప్పుడు తలుపులు మూసేసుంటే మార్క్‌లిన్ రైలనేదే ఉండేది కాదు.

కుక్కరు తెలిస్తే ఇంజను తెలిసినట్టే

ఆవిరి ఇంజను అనగానే మగవాళ్ళు పెద్ద పెద్ద మాటలు మొదలెడతారు. అబ్బే, అదంతా మన వంటింటి సంగతే.

ఇంజను వెనక భాగంలో ఒక పొయ్యి. అందులో బొగ్గు మంట. ఆ వేడిగాలి నీళ్ళతో నిండిన బాయిలరులో బారుగా పరిచిన గొట్టాల గుండా ముందుకి పోతుంది. నీళ్ళు మరిగి ఆవిరవుతాయి. మూత బిగించి ఉంటుంది కనక ఒత్తిడి పెరుగుతుంది. మన ప్రెషర్ కుక్కర్లో ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్లు. ఒకప్పుడు మన మెయిలు బళ్ళు లాగిన డబ్ల్యు.పి. రకం ఇంజన్లో 210 పౌన్లు! అంటే పద్నాలుగు రెట్లు. ఆ ఆవిరి సిలిండర్లోకి వెళ్ళి పిస్టన్ని ముందుకీ వెనక్కీ తోస్తుంది. దానికి తగిలించిన ఇనపకడ్డీలు చక్రాలని తిప్పుతాయి. అంతే!

ఇంకో తమాషా ఉంది. పని అయిపోయిన ఆవిరిని పొగగొట్టంలోంచి పైకి చిమ్ముతారు. 'ఛుక్ ఛుక్' అనే చప్పుడు అదే. అలా చిమ్మినప్పుడు పొగనీ తనతో లాక్కుపోతుంది, దాంతో పొయ్యిలోకి కొత్తగాలి జొరబడి మంట రాజుకుంటుంది. మనం కట్టెలపొయ్యిని ఊదుగొట్టంతో ఊదుతాం. ఇంజను తన పొయ్యిని తానే ఊదుకుంటుంది! బరువు ఎంత లాగితే ఊపిరి అంత గట్టిగా తీస్తుంది, మంట అంత పెరుగుతుంది.

కుక్కర్లో నీళ్ళు అయిపోతే సేఫ్టీ వాల్వు కరిగిపోతుంది కదా. ఇంజను పొయ్యి పైకప్పులోనూ సీసంతో నింపిన బిరడా ఉంటుంది. నీటిమట్టం దిగిపోతే అది కరిగి డ్రైవర్ని హెచ్చరిస్తుంది. ఈ ఒక్క పోలిక చెప్పి చూడండి, పిల్లల సైన్సు పాఠం సగం అయిపోయినట్టే.

చీపురుకర్రతో చేసిన ఇంజను

ఇంగ్లండులో డబ్ల్యు. ఆడ్రీ అని ఒక చర్చి ఫాదరు ఉండేవారు. 1943లో ఆయన కొడుకు క్రిస్టఫర్‌కి తట్టు పోసింది. మంచం మీద ఉన్న పిల్లాణ్ణి మురిపించడానికి ఆయన రైలింజన్లు మాట్లాడుకుంటున్నట్టు కథలు అల్లి చెప్పేవాడు. పిల్లాడు ఒక్క మాట మారినా ఒప్పుకోకపోయేసరికి కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. వాటిని అచ్చుకి పంపమని పట్టుబట్టింది మాత్రం ఆయన భార్య మార్గరెట్. 1945లో మొదటి పుస్తకం వచ్చింది.

అది యుద్ధకాలం. బొమ్మలు కొందామన్నా దొరికేవి కావు. తండ్రి చీపురుకర్ర ముక్కలూ, చెక్కపేళ్ళూ పోగేసి కథలోని ఎడ్వర్డ్ ఇంజన్ని చేసిపెట్టాడు. కొడుకు పెద్ద ఇంజను 'గోర్డన్' కూడా కావాలన్నాడు. అది చెయ్యడం కష్టమై చిన్న ఇంజను ఒకటి చేసిచ్చాడు. దానికి పెట్టిన పేరే థామస్! 1946లో వచ్చిన పుస్తకంలో ఆ థామస్ కథానాయకుడయ్యాడు. మన పిల్లలు టీవీలో చూసి ఆడుకునే నీలంరంగు థామస్ అదే. ఆడ్రీగారు తర్వాత తాను స్వయంగా మోడల్ రైల్వే కట్టి ప్రదర్శనలకి పట్టుకెళ్ళేవారు.

ఆగిపోయినవీ, ఇంకా నడిచేవీ

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నించి ఠాణాకి నడిచింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో చిత్తరంజన్‌లో ఇంజన్లు చెయ్యడం మొదలెట్టి, 1972 దాకా 2,351 ఆవిరి ఇంజన్లు తయారుచేశారు. తర్వాత డీజిలూ, కరెంటూ వచ్చాయి. 1995 డిసెంబరులో బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బళ్ళు ఆగిపోయాయి. నెల్లూరు జిల్లా బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతోనే పేరు తెచ్చుకున్న ఊరు. ఇలాంటి ఊళ్ళలో ఇంజను కూతని బట్టి ఎసరు పెట్టిన ఇల్లాళ్ళుండేవారు. షెడ్డు మూతపడితే పోయేది ఇంజను ఒక్కటే కాదు, ఒక ఊరి దినచర్య.

అయినా అన్నీ తుక్కుకి పోలేదు. 1855లో తయారైన 'ఫెయిరీ క్వీన్' 1909లో రిటైరై, 1997లో మళ్ళీ పట్టాలెక్కింది! హర్యానాలోని రేవాడీ షెడ్డులో పాత ఇంజన్లని కాపాడుతున్నారు. సినిమాల్లో కనిపించే 'అక్బర్' అక్కడిదే. ఊటీ వెళ్ళేవాళ్ళు మేట్టుపాళయం నించి కూనూరు దాకా ఆవిరి ఇంజను వెనక నించి తోస్తుంటే కొండెక్కవచ్చు. ఈ నీలగిరి రైలుకి 2005లోనూ, డార్జిలింగ్ రైలుకి 1999లోనూ యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

బ్రిటన్‌లో ఇంకా చిత్రం జరిగింది. 'ఏ1' రకం ఇంజన్లు 49 ఉంటే అన్నీ తుక్కు చేసేశారు. ఒక్కటీ మిగల్లేదే అని బాధపడ్డ కొందరు 1990లో కూడి, కొత్తది కడదామన్నారు. వారానికి ఒక గ్లాసు బీరు ఖరీదు ఇవ్వండి చాలన్నారు. మామూలు జనం అలా ఇస్తూ పోతే 2008లో 'టొర్నాడో' అనే సరికొత్త ఆవిరి ఇంజను కదిలింది. ఖర్చు సుమారు 30 లక్షల పౌన్లు. మన చిట్టీల కంటే పెద్ద చిట్టీ!

మోడల్ రైళ్ళు చూడాలనుకుంటే పుణెలోని కోత్రూడ్‌లో బి.ఎస్. జోషి గారు 1998లో నెలకొల్పిన బుల్లి రైళ్ళ మ్యూజియం ఉంది. ఒక చిన్న నగరమే దీపాలతో సహా కదులుతుంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళదగ్గ చోటు.

ఇంట్లో మొదలెట్టాలంటే

- హెచ్.ఓ. రైలుకి నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ప్లైవుడ్ బల్ల ఉంటే హాయి. 'ఎన్' కొలతకైతే రెండడుగుల వెడల్పు సరిపోతుంది. వాడనప్పుడు మంచం కిందికి తోసెయ్యవచ్చు.
- కొండలకి థర్మోకోల్ ముక్కలు పేర్చి, పైన న్యూస్‌పేపరు పీలికలు తెల్లజిగురుతో అంటించండి. మైదా ఉడికించిన జిగురు వద్దు, బొద్దింకలు చేరతాయి.
- వాడేసిన టీపొడిని కడిగి బాగా ఎండబెడితే చక్కటి నేల. రంపపుపొట్టుకి ఆకుపచ్చ పోస్టరు రంగు కలిపి ఆరబెడితే గడ్డి.
- ముదిరిన బీరకాయ పీచుని తుంపి రంగు వేస్తే పొదలు, చెట్లు. కొబ్బరిచెట్టు జానెడు లోపే ఉండాలి. ఇంటి గుమ్మం అంగుళం దాటకూడదు.
- చెరువుకి అద్దం ముక్క చాలు. కొలువులో మాదిరి ఆవాలు మొలిపించకండి, తడికి పట్టాలు పాడవుతాయి.
- బొగ్గుపెట్టెలో నలగ్గొట్టిన కుంపటి బొగ్గు పోస్తే అచ్చం అసలుదే!
- రైలు నడిచేది 12 వోల్టుల కరెంటు మీద. దానికోసం వచ్చే ట్రాన్స్‌ఫార్మరే వాడాలి. పట్టాల వైర్లు తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టడం ప్రాణాంతకం. చిన్న చిన్న భాగాలు పసిపిల్లల నోటికి అందకుండా చూడండి.
- ఆట అయ్యాక పాత నూలుచీర కప్పండి. దుమ్మే ఈ రైలుకి మొదటి శత్రువు.

డబ్బూ, చోటూ, పేచీ

మంచి మాటలే చెప్పి ఊరుకుంటే సగం నిజం చెప్పినట్టు. మంచి ఇంజను ఒక్కటే వేలల్లో ఉంటుంది. చాలామటుకు విదేశాల నించి రావాలి. ఒకటి కొన్నవాళ్ళు ఒకటితో ఆగరు. "ఆఫీసు వాళ్ళు ఇచ్చారు" అంటూ గుట్టుగా తెచ్చి అలమరలో దాచే మగవాళ్ళూ ఉంటారు. అందుకే నెలకింత అని ముందే అనుకోండి. ఆ అంకె పాల లెక్క పక్కనే రాసి ఉంచండి. దాపరికం లేని చోట పేచీ ఉండదు. భోజనాల బల్ల మాత్రం ఇవ్వకండి. ఒకసారి పట్టాలు పడ్డాయంటే మళ్ళీ కంచాలు పడవు!

మరో మాట. ఇంట్లో మగవాడి హాబీకి గది దొరుకుతుంది. ఇల్లాలి హాబీకి అలమరలో ఒక అర దొరకడం కష్టం. కాబట్టి "మీ రైలు, మీ ఇష్టం" అని తుడవడానికి మాత్రమే ఆ గదిలోకి వెళ్ళకండి. ఆ ఊరు మీదిగా చేసుకోండి. సంత ఎక్కడుండాలో, చెరువుగట్టు ఎటుండాలో, గుడి ముందు కొబ్బరికాయల అంగడి ఎవరిదో మీకు తెలిసినంతగా ఆయనకి తెలియదు. రిటైరై రోజంతా ఇంట్లో ఉండే మగవాడికీ, ఆయన వెనకాలే తిరగలేని ఇల్లాలికీ మధ్య పోట్లాడుకోకుండా మాట్లాడుకునే విషయం ఒకటి దొరకడం తక్కువ సంగతా!

ఖర్చు పెట్టే ముందు ఇష్టం ఉందో లేదో తేల్చుకోవాలంటే ఒక చిట్కా. ఈసారి కొలువుకి ఖరీదైనవేం కొనకండి. బజారులో దొరికే కీ రైలో, బ్యాటరీ రైలో తెచ్చి కింది మెట్టు ముందు గుండ్రంగా పట్టాలు వెయ్యండి. అగ్గిపెట్టెలతో స్టేషను కట్టి, దాని మీద మీ పుట్టింటి ఊరి పేరు రాయండి. పేరంటానికి వచ్చినవాళ్ళు ముందు ఎక్కడ ఆగుతారో మీరే చూద్దురుగాని!