12 గేజా, 20 గేజా? బాతుల వేటలో సీసం పోయాక మారిన లెక్క

అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో స్టట్‌గార్ట్ అని ఒక చిన్న ఊరుంది. చుట్టూ వరిచేలు. చలికాలం రాగానే ఉత్తరం నుంచి అడవిబాతులు గుంపులు గుంపులుగా దిగి, కోతలయ్యాక నీళ్లు నిలిపిన మళ్లలో రాలిన గింజలు ఏరుకు తింటాయి. కొల్లేటి గట్టున పెరిగినవాళ్లకు ఆ దృశ్యం కొత్తేమీ కాదు. అయితే అక్కడ లైసెన్సు ఉన్నవాళ్లు సీజన్‌లో వాటిని చట్టబద్ధంగా వేటాడవచ్చు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో ఎవరైనా తోటి ఉద్యోగి పిలిచాడని వేటకు బయల్దేరితే, తుపాకుల దుకాణంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: 12 గేజా, 20 గేజా?

మన ఊళ్లలో ‘ట్వెల్వ్ బోర్’ తుపాకీ అంటారు కదా, ఆ బోరే ఈ గేజి. ఒక పౌను సీసాన్ని, అంటే సుమారు 454 గ్రాములను, సమానమైన 12 గుండ్లుగా పోస్తే ఒక్కోటి 38 గ్రాములు తూగుతుంది, 18.5 మిల్లీమీటర్ల లావుంటుంది. ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 గేజి. అదే పౌనును 20 గుండ్లు చేస్తే లావు 15.6 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అది 20 గేజి. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్నమాట. పొందూరు ఖద్దరు కొనేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నూలు కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నబడటం లాంటిదే. ఒక్క ‘410’ మాత్రం ఈ వరుసలోది కాదు. అది గొట్టం లావును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె.

షాట్‌గన్ తూటాలో ఒక్క గుండు కాదు, చిన్న పెల్లెట్లు చాలా ఉంటాయి. 12 గేజి గట్టిగా కొడుతుందనీ 20 గేజి మెల్లగా కొడుతుందనీ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఒకే సైజు పెల్లెట్ ఒకే వేగంతో బయల్దేరితే, ఏ గొట్టంలోంచి వచ్చినా పక్షికి తగిలే దెబ్బ ఒక్కటే. లావు గొట్టం చేసేదల్లా ఎక్కువ పెల్లెట్లను ఒకేసారి పంపడం. కాబట్టి అసలు ప్రశ్న బలం గురించి కాదు, లెక్క గురించి. ఆ లెక్కను తలకిందులు చేసింది సీసంపై నిషేధం.

బాతుకు పళ్లు లేవు. తిన్న గింజను కందనకాయలో నూరుకోవడానికి చెరువు అడుగున దొరికే గులకరాళ్లను మింగుతుంది. వేటగాళ్లు ఏళ్ల తరబడి కాల్చిన సీసపు పెల్లెట్లు ఆ బురదలోనే పేరుకుపోయాయి. రాయీ సీసమూ బాతుకు ఒక్కటే. మింగిన సీసం కందనకాయలో అరిగి, ఆమ్లంలో కరిగి, రక్తంలో చేరుతుంది. బాతు నీరసించి రెక్క ఎత్తలేక చస్తుంది. సీసం మింగిన బాతులను, ఒంట్లో పెల్లెట్లు దిగిన బాతులను తిన్న బాల్డ్ ఈగిల్ గద్దలకూ ఆ విషం ఎక్కింది. అందుకే 1991 నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసం వాడకూడదన్నారు. అది చాలా మంచి నిర్ణయం. దాని బదులు వచ్చింది స్టీల్.

స్టీల్ తేలిక. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములుంటే స్టీల్ 8 గ్రాములైనా ఉండదు. గాజు గోళీని, అంతే లావున్న గచ్చకాయను ఒకే ఊపుతో విసిరి చూడండి, గచ్చకాయ ముందు నీరసిస్తుంది. స్టీల్ పెల్లెట్ సంగతీ అంతే. ఆ లోటు పూడ్చడానికి రెండు సైజులు పెద్ద పెల్లెట్ తీసుకోవాలి. పెల్లెట్ల నంబరులోనూ అంకె తగ్గితే సైజు పెరుగుతుంది. సీసంలో 4వ నంబరు వాడేవాళ్లు స్టీల్‌లో 2వ నంబరు వాడతారు. అది పెసరగింజంత ఉంటుంది, ఔన్సుకు సుమారు 125 తూగుతాయి. పెద్ద గింజలు తూటాలో తక్కువ పడతాయి. సన్నగొట్టానికి ఇక్కడే ఇబ్బంది.

3 అంగుళాల 12 గేజి తూటాలో స్టీల్ సాధారణంగా ఔన్సుంపావు ఉంటుంది. 2వ నంబరైతే దాదాపు 155 పెల్లెట్లు. 20 గేజిలో అదే పొడవు తూటాకు తరచుగా ఔన్సులో ఎనిమిదింట ఏడు వంతులే, అంటే 110 లోపు. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీసి, నూటికి 60 అందులో పడ్డాయనుకుందాం. 12 గేజికి 90 పైచిలుకు, 20 గేజికి 65. మల్లార్డ్ లాంటి పెద్ద బాతు ఖాయంగా పడాలంటే ఆ వలయంలో 85 దాకా ఉండాలని స్టీల్‌తో పరీక్షలు చేసినవాళ్లు చెబుతారు. మొదటి తుపాకీ కొనేవాళ్లకు 3 అంగుళాల తూటా పట్టే 12 గేజి చెప్పడానికి కారణం ఇదే.

అలాగని 20 గేజి పనికిరానిది కాదు. స్టట్‌గార్ట్ చుట్టుపక్కల నీరు నిలిచిన ఓక్ అడవుల్లో బాతులు కొమ్మల సందులోంచి దిగుతాయి. 20, 25 గజాల్లోనే కనిపిస్తాయి. అక్కడ 3 లేదా 4వ నంబరు స్టీల్‌తో 20 గేజి చక్కగా పనిచేస్తుంది. బరువూ తక్కువ, భుజానికి తన్నూ తక్కువ. సన్నగా ఉన్నవాళ్లు 12 గేజి తన్నుకు భయపడి, మీట నొక్కేలోపే కళ్లు మూసుకోవడం కంటే ఇది ఎంతో మేలు. 28 గేజి, 410 మాత్రం స్టీల్‌తో నీటిపక్షులకు వద్దనే నా మాట. పెద్దబాతుల (గూస్) కోసం ఒకప్పుడు 10 గేజి మోసేవాళ్లు. మూడున్నర అంగుళాల 12 గేజి వచ్చాక దాని అవసరం దాదాపు తీరిపోయింది. సీసాన్ని మించిన బరువుండే టంగ్‌స్టన్ పెల్లెట్లతో 20 గేజీ దూరం కొడుతుంది గానీ, తూటా ధర స్టీల్‌కు కొన్ని రెట్లు. తాతల నాటి తుపాకీ అయితే స్టీల్ వేయకండి, గొట్టం పాడవుతుంది. వాటికి బిస్మత్ ఉంది.

ఇంట్లో రెండు గేజిలూ ఉన్నవాళ్లకు ఒక ప్రాణాపాయం పొంచి ఉంటుంది. 20 గేజి తూటా పొరపాటున 12 గేజి తుపాకీలో పడితే బయటికి రాదు, జారిపోయి గొట్టంలో ముందుకు ఇరుక్కుంటుంది. తూటా పెట్టే చోటు ఖాళీగానే కనిపిస్తుంది. తూటా పెట్టడం మర్చిపోయాననుకుని మనిషి 12 గేజి తూటా ఎక్కించి కాలుస్తాడు. గొట్టం పేలిపోవచ్చు, అదీ తరచుగా ఎడమచెయ్యి పట్టుకున్నచోటే. 20 గేజి తూటాకు పసుపుపచ్చ రంగు వేసేది ఇందుకే. రెండు రకాలూ ఒకే జేబులో ఎప్పుడూ పెట్టుకోవద్దు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. వలసపక్షుల వేటలో తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు, 10 గేజిని మించిన గొట్టం వాడకూడదు. 16 ఏళ్లు నిండితే రాష్ట్ర లైసెన్సుతో పాటు ఫెడరల్ డక్ స్టాంపు ఉండాలి. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ చేతపట్టడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ.

కొన్నాక సీజన్ మొదలుకాక ముందే ఒక పెద్ద కాగితం మీద 40 గజాల నుంచి ఒకసారి కాల్చండి. ఎక్కువ రంధ్రాలు పడ్డచోట 30 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టండి. చాలకపోతే 35 గజాలకు, 30 గజాలకు జరిగి మళ్లీ కొత్త కాగితం మీద కాల్చి చూడండి. 85 వచ్చిన దూరమే మీ తుపాకీ హద్దు. దానికి అవతల కాలిస్తే బాతు గాయంతో రెల్లులోకి జారిపోతుంది, మీకు దొరకదు, చాలావరకు బతకదు. హద్దు దాటి ఎగిరే బాతును దయచేసి వదిలేయండి.