వెలుగు చేరని చోట ఉపాధి

ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యతనూ అల్లాహ్ స్వయంగా వహించాడని దివ్యఖుర్ఆన్‌లోని హూద్ సూరా 6వ ఆయత్ తెలుపుతుంది. ఆ బాధ్యత ఎంత విశాలమైనదో గ్రహించాలంటే సముద్రపు అడుగును ఒకసారి పరిశీలించాలి.

నీటిలోకి దిగేకొద్దీ సూర్యకాంతి క్షీణిస్తుంది. దాదాపు 200 మీటర్లు దాటితే మొక్కలు ఆహారం తయారు చేసుకోవడానికి చాలినంత వెలుగు ఉండదు. 1,000 మీటర్లు దాటితే సూర్యకాంతి అసలే చేరదు. సముద్రాల సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. తీరానికి చేరువలో, లోతు తక్కువైన చోట్ల సముద్రగడ్డి, నాచు పెరుగుతాయి. అగాధంలో పచ్చని మొక్క మొలవదు. అక్కడ కాడపై పువ్వు పూసినట్లు కనిపించే ‘సముద్ర లిల్లీ’ సైతం జంతువే.

మరి ఆ జీవులకు ఆహారమెక్కడిది? చాలావరకు పైనుంచే దిగివస్తుంది. పై నీటిలో మరణించిన సూక్ష్మజీవుల అవశేషాలు, జంతువుల విసర్జితాలు తునకలుగా నిరంతరం రాలుతుంటాయి. శాస్త్రవేత్తలు దీనిని ‘సముద్రపు మంచు’ అంటారు. అది అడుగుకు చేరడానికి వారాలు పట్టవచ్చు. ‘సముద్ర దోసకాయ’ అనే జీవి బురదను మింగి, అందులో కలిసిన ఆహారాన్ని గ్రహిస్తుంది.

పైనుంచి వచ్చేదే ఆధారం కానివీ ఉన్నాయి. 1977లో పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవుల సమీపాన, వేడినీటి ఊటలను వెదుకుతూ శాస్త్రవేత్తలు ‘ఆల్విన్’ అనే జలాంతర వాహనంలో దాదాపు 2,500 మీటర్ల లోతుకు దిగారు. జీవశాస్త్రజ్ఞులెవరూ ఆ బృందంలో లేరు. అయితే ఊటల చుట్టూ వారికి జీవులు గుంపులు గుంపులుగా కనిపించాయి. అక్కడి గొట్టపు పురుగు రెండు మీటర్ల వరకు పెరుగుతుంది. ఎదిగిన పురుగుకు నోరు లేదు, జీర్ణకోశం లేదు. దాని ఎర్రని కుచ్చు నీటినుంచి ఆమ్లజనిని, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గ్రహిస్తుంది. శరీరంలో నివసించే బాక్టీరియా వాటి సాయంతో ఆహారం తయారు చేస్తుంది. మనకు విషమైన వాయువే దానికి ఉపాధి మార్గమైంది.

ఆ ఆయత్ సముద్రశాస్త్రం నేర్పడానికి అవతరించలేదు. మన హృదయాలను సరిదిద్దడానికి అవతరించింది. హలాల్ సంపాదనతో ఇల్లు గడవదన్న భయమే చాలామందిని వడ్డీ వైపు నడిపిస్తుంది. ఆ భయమే తూకంలో మోసం చేయిస్తుంది, వారసత్వంలో సోదరి వాటాను ఎగవేయిస్తుంది. నోరు లేని పురుగుకు ఆహారం ఏర్పాటు చేసిన ప్రభువు, ఆయన హద్దులను పాటించే దాసుణ్ణి విస్మరిస్తాడా?

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఆ చీకటిలో సముద్ర దోసకాయ సైతం బురదపై మెల్లగా కదులుతూ తన ఆహారాన్ని వెదుక్కుంటుంది. ప్రయత్నం మన విధి, ప్రసాదించడం ఆయన పని. ఈ సంగతి పిల్లలకు భోజన సమయంలో చెప్పండి. పళ్ళెంలోని అన్నం ఏ మార్గాన వచ్చిందని ఒకనాడు వారు అడిగితే, తడబడకుండా జవాబివ్వగలిగేలా సంపాదించండి.