ఊగెడు పలకపై నిలుకడ

మాధాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో అద్దాల మేడలు లేవకపూర్వము ఆ నేలకు శోభ రాళ్ళగుట్టలే. ఎవరో పేర్చి పోయినట్లు ఒకదానిపై నొకటి నిలిచిన ఆ గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో పుట్టగొడుగువలె నిలిచిన బండ నేటికిని చూపరుల నాకర్షించుచున్నది. ఆ బండ నిలుకడకును, మనుష్యుని నిలుకడకును పెద్ద భేదము కలదు. బండ కదలక నిలుచును. మనుష్యుడు కదలుచు నిలుచును. ఎంత నిశ్చలముగా నిలిచితిమని మనము భావించినను, దేహము ముందునకు రవంత, వెనుకకు రవంత ఒరగుచునే యుండును. ఒరిగిన ప్రతిసారియు కండరములు దానిని మరల దారికి తెచ్చుచుండును. ఈ సవరణ ఆగిననాడు మనుష్యుడు పడిపోవును.

ఈ సవరణకు కావలసిన వార్తలు మెదడునకు మూడు దారుల వచ్చును. కన్నులు పరిసరములను చూచి చెప్పును. లోపలి చెవియందలి అర్ధవృత్తాకార నాళికలు తల ఎటు తిరిగినదో చెప్పును. వాని చెంతనున్న సూక్ష్మాంగములు తల ఎటు వంగినదో తెలుపును. కండరములలోను, కీళ్ళలోను, అరికాలి చర్మములోను ఉన్న నాడీగ్రాహకములు ఏ అవయవము ఏ భంగిమలో నున్నదో, దానిపై ఎంత బరువు పడినదో చెప్పును. ఈ మూడవ జ్ఞానమును ఇంగ్లండు దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ 1906లో 'ప్రొప్రియోసెప్షన్' అని పేర్కొనెను. మనము దానిని దేహస్థితిజ్ఞానమని చెప్పుకొనవచ్చును. ఆషాఢమున గోలకొండ మెట్లపై బోనమెత్తిన స్త్రీ తన పాదములను చూచుకొనదు. అయినను అడుగు పడవలసిన చోటనే పడును. అది ఈ జ్ఞానము చేయు పనియే.

అమీరుపేట నుండి హైటెక్ సిటీకి 2019 మార్చి 20న మెట్రో రైలు నడక మొదలిడినది. అందు నిలుచుండి ప్రయాణము చేయువారు నిత్యమును ఈ విద్యలో పరీక్ష నిచ్చుచున్నారు. బండి మెల్లగా వేగము తగ్గించినచో చీలమండలే సర్దుకొనును. కొంచెము గట్టిగా తగ్గించినచో నడుము వంగి దేహమును కాపాడును. ఇంకను గట్టిగా తగ్గించినచో ఒక అడుగు ముందునకు వేయక తప్పదు. ఈ మూడింటిలో ఏది అవసరమో నిర్ణయించుటకు మనము ఆలోచింపము. ఆలోచించు వ్యవధియు లేదు.

ఇక బెణుకు సంగతి. పాదము లోపలివైపునకు మడతపడినప్పుడు చీలమండకు వెలుపలివైపున నున్న బంధనములు సాగును, లేదా చిరుగును. వాపు తగ్గును, నొప్పి పోవును, మనుష్యుడు పనిలోకి పోవును. కాని కొందరికి అదే కాలు మరల మరల మడతపడుచుండును. 1965లో ఇంగ్లండునందు ఫ్రీమన్ అను వైద్యుడు తన సహచరులతో కూడి దీనికి ఒక కారణమును సూచించెను. బంధనము చిరిగినప్పుడు అందలి నాడీగ్రాహకములు కూడ దెబ్బతినును. అందుచే వార్త ఆలస్యమగును. పిక్కకు వెలుపలివైపున నున్న కండరములు సకాలమున బిగియవు. ఊగెడు పలకపై సాధన చేసిన రోగులలో ఈ బాధ తక్కువగుట వారు గమనించిరి. గ్రాహకముల లోపమొక్కటే కారణము కాదనియు, కండరముల బలహీనత, మెదడు కదలికలను నడపు తీరులోని మార్పు కూడ ఇందు చేరియున్నవనియు తరువాతి పరిశోధకులు చెప్పిరి. సాధన యొక్క విలువ మాత్రము నిలిచినది. నొప్పి పోవుట వేరు, కాలు బాగుపడుట వేరు. ఈ మాటయే నేటి మన ప్రసంగమునకు ప్రాణము.

బాలెన్సు బోర్డు అనబడు ఈ సాధనము మిక్కిలి సామాన్యమైనది. ఒక చెక్కపలక క్రింద వంపుతిరిగిన రెండు దిమ్మలు అమర్చినచో అది ముందు వెనుకలకు గాని, ప్రక్కలకు గాని, ఒక్క దిశలోనే ఊగును. గుండ్రని పలక క్రింద అర్ధగోళము నమర్చినచో అన్ని దిశలకును ఒరగును. ఇది మొదటి దానికంటె కష్టము. ఈ పలక చేయు పని యొక్కటే: నేలను నమ్మరానిదిగా చేయుట. అందుచే పాదము నుండి వార్తలు ఎడతెగక పోవుచుండును, కండరములు ఎడతెగక బదులు చెప్పుచుండును. పలుమారు చేసిన మీదట ఆ బదులు త్వరితమై, అనాయాసమగును.

సాధనకు ఒక క్రమము కలదు. దెబ్బ తగిలిన కాలిపై నాలుగడుగులైనను వేయలేనిచో, ముందు ఎముక విరిగినదేమో వైద్యునిచే పరీక్ష చేయించవలయును. వాపు, తీవ్రమైన నొప్పి ఉన్న దినములలో పలక జోలికి పోరాదు. అవి తగ్గిన పిమ్మట కుర్చీలో కూర్చుండి, పాదమును పలకపై నుంచి మెల్లగా ఒరగించుట మొదటి మెట్టు. గోడనో, కమ్మీనో పట్టుకొని రెండు కాళ్ళతో నిలుచుట రెండవది. పట్టు విడిచి నిలుచుట మూడవది. తరువాత ఒంటికాలితో నిలుచుట. ఆ మీదట నిలుచుండియే ఎదుటివారు విసరిన బంతిని పట్టుట. కన్నులు మూసికొని నిలుచుట చిట్టచివరిది. కన్నుల సాయము తొలగినప్పుడు పాదమే సర్వభారమును వహింపవలసి వచ్చును గనుక, దానిని ఫిజియోథెరపిస్టు ప్రక్కన నుండగనే చేయవలయును. ఒక్కొక్క మారు అరనిమిషము చాలును. కాని కొన్ని వారములు విడువక చేయవలయును. మన పల్లెలలో తొక్కుడుబిళ్ళ ఆడిన ఆడపిల్లలు ఈ ఒంటికాలి విద్యను గడులు గీసిన మట్టినేలపై ఆటగానే అభ్యసించిరి.

ఈ పలక సర్వరోగ నివారిణి కాదు. నెదర్లాండ్సునందు వాలీబాల్ క్రీడాకారులపై జరిగిన ఒక పరిశోధన 2004లో ప్రకటింపబడినది. పూర్వము చీలమండ బెణికినవారికి పలకపై సాధన వలన మరల బెణుకుట తగ్గినది. కాని పూర్వము మోకాలి బాధ నెరిగిన కొందరిలో ఆ బాధ తిరిగి తలయెత్తినది. కావున ఎవరికి, ఎంత, ఎప్పుడు అనునది తెలిసినవారు నిర్ణయింపవలసిన విషయము.

1998 నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి ఈ ప్రాంతపు జీవనవిధానము మారినది. దినమెల్ల కుర్చీలో కూర్చుండి, సెలవుదినమున ఒక్కసారిగా క్రికెట్టునకో, బాడ్మింటనునకో దిగువారు ఇచ్చట పెక్కుమంది. ఎదురుచూడని క్షణమున కాలు మడతపడుటకు ఇది అనువైన జీవనము. రాతబల్ల క్రింద ఈ పలక నుంచుకొని దానిపై నిలుచుండి పనిచేయువారును కలరు. కాలు కదలుట మంచిదే. కాని మనస్సు తెరపై నున్నప్పుడు పలకపై శ్రద్ధ యుండదు. చికిత్సగా చేయు సాధనకు ఇది ప్రత్యామ్నాయము కాదు.

గచ్చిబౌలిలో 2008లో బాడ్మింటన్ అకాడమీ నెలకొల్పిన పుల్లెల గోపీచంద్ కథ ఈ సందర్భమున స్మరింపదగినది. 1994లో ఆయన మోకాలి బంధనములు తెగినవి. శస్త్రచికిత్సల పిమ్మట, 2001లో ఆల్ ఇంగ్లండు విజేత యయ్యెను. నడుమ గడచినవి ఏడేండ్లు. పి. వి. సింధు 2022లో కామన్వెల్తు క్రీడలలో స్వర్ణపతకమును పొందినను, ఎడమ చీలమండ గాయము వలన ఆ యేటి ప్రపంచ పోటీలకు పోజాలక పోయెను. దేశము ఎదురుచూచు క్రీడాకారులే గాయము మానువరకు ఓపిక పట్టుచుండగా, మనము వారము దినములకే తొందరపడుట తగునా?

క్రీడాకారులకంటెను ఈ విషయము ముదుసలులకు ముఖ్యము. కుమారుల ఉద్యోగములనుబట్టి ఊళ్ళు విడిచి, ఈ ప్రాంతపు అపార్టుమెంట్లలో నివసించు తల్లిదండ్రులు ఎందరో కలరు. మట్టినేలకు అలవడిన పాదములకు నున్నని టైల్సు, తడిసిన స్నానపుగది కొత్తవి. ప్రపంచములో ఏటేట సుమారు 6,84,000 మంది పడిపోవుటవలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చిరకాలము మధుమేహమున్నవారికి పాదముల స్పర్శ తగ్గవచ్చును. పక్షవాతము వచ్చినవారు బరువునంతయు ఒక కాలిపైననే మోపుదురు. వీరికిని నిలుకడ సాధన మేలు చేయును. కాని ఒంటరిగా పలక నెక్కరాదు. కొందరికి పలక అవసరమే లేదు. గట్టి బల్లను పట్టుకొని మడమలెత్తుట, ఒక పాదము ముందర ఒక పాదము నుంచి నడచుట చాలును.

పసితనమున తప్పటడుగులు వేయుచు, పడుచు లేచుచు నేర్చిన విద్య నిలుకడ. గాయము వలన గాని, వార్ధక్యము వలన గాని అది సన్నగిల్లినప్పుడు మరల నేర్చుకొనుటకు సిగ్గుపడ నవసరము లేదు. ఇంటిలో ఎవరికైన కాలు బెణికినచో, నొప్పి తగ్గినదా అని యడుగుటతో ఆగకుడు. ఆ కాలిపై ఒంటికాలితో, తొట్రుపడక నిలువగలుగుచున్నారా యని కూడ అడుగుడు. నిలువలేనిచో, చికిత్స ఇంకను ముగియలేదని తెలిసికొనుడు.