పదహారణాల కాలక్షేపం

సెలవులిచ్చారంటే పిల్లలకి పండగే, పరీక్షంతా అమ్మలకే! "అమ్మా, బోరు కొడుతోంది" అన్న మాట పొద్దుట్నించి పాతికసార్లు వినాలి. పోనీ కదా అని సెల్‌ఫోన్ చేతికిస్తే అది మళ్ళీ మన చేతికి రాదు. అలాంటప్పుడు పైసా ఖర్చు లేని సరదా ఒకటుంది. అదే పాత నాణేల వేట.

బ్రిటన్‌లో కొందరు తల్లిదండ్రులు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని పొలాల్లో నాణేలు వెతుకుతుంటారు. మనకా యంత్రంతో పనిలేదు. పోపులడబ్బా అడుగున, దేవుడి అరలో, బీరువా సొరుగులో, అత్తగారి ట్రంకుపెట్టెలో వెతికించి చూడండి. గుప్పెడు నాణేలు దొరక్కపోతే అప్పుడు చెప్పండి.

నాన్నమ్మే మొదటి గురువు

1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు. ఆ రోజు నుంచి 100 నయాపైసలు. అప్పటికి పదేళ్ళున్న పిల్ల ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డ బామ్మ. అణాలిచ్చి జీళ్ళు కొనుక్కున్న ఆఖరి తరం వాళ్ళదే. నాణెం ఎక్కడికీ పోదు. దాని వెనకున్న కథ మాత్రం వాళ్ళతోనే వెళ్ళిపోతుంది. అందుకని దొరికిన ప్రతి నాణేన్నీ పిల్లల చేత ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి.

మా అమ్మాయి ఓ చిల్లుకాణీ పట్టుకెళ్ళి, "నాన్నమ్మా, దీనికి చిల్లెవరు పొడిచారు?" అని అడిగింది. "అది అలాగే పుట్టిందే పిచ్చిపిల్లా!" అని నవ్వారు మా అత్తగారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లోహం ఆదా చేయాల్సొచ్చి, 1943 నుంచి 1947 దాకా నడుమ చిల్లుతో ముద్రించిన నాణెమది. దానికి దారం గుచ్చి మొలతాడుకి కట్టుకుని బడికెళ్ళిన వాళ్ళ అన్నయ్య కబుర్లు ఆవిడ చీకటిపడేదాకా చెబుతూనే ఉన్నారు. మామూలుగా రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి!

లెక్కలూ వచ్చేస్తాయి. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు. 'పావలా కోడికి ముప్పావలా మసాలా' అని చెప్పి, ముప్పావలా అంటే ఎన్ని అణాలో కట్టమనండి. 'పదహారణాల తెలుగుపిల్ల' అని ఎందుకంటారో వాళ్ళకే తడుతుంది.

ఏమేం చూడాలి?

ముందుగా ఆకారాలు. అల్యూమినియం పైసా నలుచదరం, మూడు పైసలు ఆరు పలకలు, రెండు పైసల అంచులు పువ్వు రేకుల్లా వంకీలు. తామరపువ్వు వేసి పసుప్పచ్చగా మెరిసే ఇరవై పైసలు 1968లో వచ్చాయి. లక్ష్మీపూజలో పెట్టుకోవడానికి ఎందరో వాటిని దాచుకున్నారు. తెలంగాణ ఇళ్ళల్లో చార్మినార్ బొమ్మున్న నిజాం కాలపు హాలీసిక్కాలు దొరికినా ఆశ్చర్యం లేదు.

తర్వాత భూతద్దం పెట్టి సంవత్సరం కింద చూడమనండి. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్‌లో ముద్రించినది. డైమండ్ గుర్తుంటే ముంబై, చుక్కుంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. ఓ అయస్కాంతం కూడా ఇవ్వండి. ఇప్పటి స్టీలు రూపాయి అతుక్కుంటుంది, అల్యూమినియం పైసా అతుక్కోదు. ఎందుకని వాళ్ళే అడుగుతారు.

తోమకండి, పారేయకండి

తళతళలాడాలని చింతపండు, పీతాంబరి పెట్టి తోమారో, ఆ నాణెం పాడైనట్టే. పైపొర పోతే మళ్ళీ రాదు. మెత్తటి పొడిబట్టతో దుమ్ము దులిపి, అంచులు పట్టుకుని చూస్తే చాలు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కొంతకాలానికి ఆకుపచ్చ జిగురు పడుతుంది. తెల్లకాగితం పొట్లాలే మేలు. పొట్లం మీద సంవత్సరం, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, వాళ్ళేం చెప్పారు అన్నది పిల్లల చేతే రాయించండి. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే డబ్బా అటకమీదే ఉండాలి సుమండీ!

లక్షలిస్తామంటే...

'మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి' అంటూ మోసం చేసేవాళ్ళున్నారు. రిజర్వుబ్యాంకు పేరు కూడా వాడుకుంటున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. వాటిలో చాలామటుకు మనందరి ఇళ్ళల్లోనూ ఉన్నవే. వాటికి లక్షలెవరిస్తారు?

ఇంకో మాట. ఇంట్లో దాచినది వేరు, నేలలో దొరికినది వేరు. భూమిలో దాగి ఉండి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. గుప్తనిధుల పిచ్చితో డిటెక్టర్లు పట్టుకుని పాత గుళ్ళు తవ్వి అరెస్టయిన వాళ్ళ వార్తలు చూస్తూనే ఉన్నాం. ఏ నాణెం ఏ మట్టిలో ఎంత లోతున ఉందో దాన్నిబట్టే చరిత్రకారులు కాలం లెక్కకడతారు. తవ్వేసి తెచ్చుకుంటే ఆ ఆధారం పోయినట్టే. ఈ సంగతి పిల్లలకి ఇప్పుడే తెలియడం మంచిది.

హైదరాబాద్ వెళ్ళే పనుంటే సైఫాబాద్ మింటు మ్యూజియం చూపించండి. 1903 నుంచి నాణేలు ముద్రించిన ఆ టంకశాలని 2022లో మ్యూజియంగా తెరిచారు.

ఫోన్‌తో టక్కున డబ్బు కట్టేసే రోజుల్లో పుట్టిన పిల్లలు మనవాళ్ళు. చేతిలో బరువుగా ఉండే డబ్బు, దాన్ని సంపాదించిన చేతుల కష్టం వాళ్ళకి తెలియాలంటే ఇదో దారి. ఈ ఆదివారం పోపులడబ్బాతోనే మొదలుపెట్టండి. అందులో మీరు దాచుకున్న నోట్లు మాత్రం ముందే తీసేసుకోండి మరి!